అర్డిస్ క్వామీ నేలకింది ఆస్తి

బడిలో పిల్లలకు వండిపెట్టే ఉద్యోగం మానేశాక అర్డిస్ క్వామీకి ఒక చిన్న ఇల్లు, ఒక ముసలి కుక్క తప్ప మరేమీ లేవని ఊరంతా అనుకునేది. నిజానికి ఓర్విల్ స్టెన్‌స్రూడ్ గోధుమ పొలం అడుగున ఉన్నదంతా ఆమెదే. అర్డిస్ వాళ్ల నాన్న ఆ పొలం ఓర్విల్‌కి అమ్మేటప్పుడు, మొత్తం అతనికే దక్కడం చూడలేక, "పైనున్నది నీది, కిందున్నది మాది" అని రాయించుకున్నాడు. "కిందేం పండిస్తావయ్యా, తలకిందులుగా బంగాళాదుంపలా?" అని నార్త్ డకోటాలోని ఆ మూల మూలంతా నవ్వింది.

ఆ తర్వాత చాలా ఏళ్లకు ఆ చుట్టుపక్కల చమురు పడింది. ఓక్లహోమా నుంచి డ్వేన్ అనే బుర్రమీసాల పెద్దమనిషి కంపెనీ తరఫున వచ్చి అర్డిస్ తలుపు తట్టాడు.

"మేడమ్, మీరు లీజుకిస్తే చాలు. తవ్వేది మేమే, అమ్మేది మేమే. మీ వాటా ఇంటికొచ్చేస్తుంది."

"ఇస్తాలే నాయనా. ముందు ఆ కుళాయి సంగతి చూడు, ఒకటే కారుతోంది."

డ్వేన్ కుళాయి బాగుచేశాడు. మళ్లీ వచ్చినప్పుడు వాకిట్లో మంచు ఎత్తిపోశాడు. ఇంకోసారి కుక్కకి స్నానం చేయించాడు. "మా ఆయన బతికుండగా కూడా ఇంట్లో ఇంత పని జరగలేదు" అని అర్డిస్ చర్చిలో అందరికీ చెప్పుకుంది. సంతకం పెడితే ఈ మనిషి మళ్లీ ఈ ఛాయలకు రాడని ఆమె బెంగ. అతను విసిగినట్టు కనిపిస్తే, "నిన్న ఇంకో కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు" అనేది. డ్వేన్ గబగబా నిచ్చెనెక్కి ఇంటికప్పు మీద రేకులు బిగించేవాడు.

ఒకనాడు ఓర్విల్ వచ్చాడు. పొలం కొన్ననాటి నుంచి ఆమెను పలకరించని మనిషి, స్వయంగా చేసిన ‘రూబార్బ్ పై’ అనే తీపి వంటకం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అర్డిస్, నువ్వు లీజిస్తే నేను కాదన్నా నా పొలంలో తవ్వుతారట. ఆ చమురు తోడే ఇనప గోపురం నా పడగ్గది కిటికీ ముందు పెట్టించకు. నీకు పుణ్యముంటుంది."

అర్డిస్ ఓ ముక్క నోట్లో వేసుకుని ఆగిపోయింది. "ఓర్విల్, ఇందులో ఏం వేశావు?"

"పంచదార."

"ఇది ఉప్పు!"

ఓర్విల్ చెవులు ఎర్రబడ్డాయి. "డబ్బాలు రెండూ ఒకేలా ఉంటాయి మరి."

అప్పుడే కప్పు దిగొచ్చిన డ్వేన్‌కి ఆమె ఓ పెద్ద ముక్క కోసిచ్చింది. అతను నమిలాడు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అద్భుతం మేడమ్" అన్నాడు.

"అయితే ఇంకో ముక్క తిను."

తిన్నాడు పాపం. అది చూసి అర్డిస్ పొట్ట పట్టుకుని నవ్వింది. ఓర్విల్ కూడా నవ్వేశాడు. నవ్వు ఆగాక ఆమెకు ఇద్దరి మీదా జాలేసింది.

"ఓర్విల్ ఇంటికి కనబడకుండా పొలంలో గుట్టకి అవతల, రోడ్డు పక్కన తవ్వుకోండి. ఆ మాట కాగితంలో రాయించు, ఇప్పుడే సంతకం పెడతాను" అంది. డ్వేన్ ముందు గ్లాసెడు నీళ్లు తాగి, ఆ తర్వాత కంపెనీకి ఫోన్ చేసి ఒప్పించాడు.

చమురు బాగానే పడింది. మొదటి చెక్కు రాగానే, పైన కూర్చుని నడిపే గడ్డికోత బండి ఒకటి కొంది అర్డిస్. ఆమె పెరట్లో అది రెండు చుట్లు తిరిగేసరికే గడ్డి అయిపోతుంది. అందుకని ఆదివారాలు దాని మీదే చర్చికి వెళుతోంది. పక్కన ఓర్విల్ నడుస్తాడు.

"కాస్త తొందరగా నడువు ఓర్విల్, బండి వేడెక్కుతోంది!"