నెల్లూరు పిల్ల, నల్ల పిల్ల

మొన్న అమీర్‌పేటలో కుండపోతగా వాన కొడుతుంటే, కిటికీ మూయడం మరిచిన మా ఫ్లాట్లో కుర్చీ మీది నల్లటి గొంగడి ముక్క తడిసి ముద్దయింది. పిండబోతే గుప్పుమంది చూడండి, తడి ఉన్ని వాసన! ఇంట్లోవాళ్లు ముక్కు మూసుకుని పారిపోయారు గానీ నేను అక్కడే నిలబడి గుండెల నిండా పీల్చుకున్నాను. మళ్లీ ఎర్రమంజిల్ క్వార్టర్స్ పెరట్లో, చేతిలో అవిసె మండతో ఉన్నట్టే అనిపించింది.

నా చిన్నప్పుడు ఒక ఏడు మా చర్చి క్రిస్మస్ విందుకి మాంసం ఇస్తామని మా నాన్న, పక్క క్వార్టర్ యాకోబు మామ కలిసి ఒప్పుకున్నారు. నాన్నది నెల్లూరు, మామది పాలమూరు. ఆఫీసు ఒకటే, చర్చి ఒకటే, గొర్రెల దగ్గర మాత్రం ఇద్దరికీ పడదు. నాన్న ఊరి నుంచి పొడుగు కాళ్ల, నున్నటి తెల్ల పొట్టేలు పిల్లని తెప్పిస్తే, మామ అదే ఈడుది, పొట్టిగా, ఒళ్లంతా నల్లటి ఉన్నితో ఉన్న దక్కనీ పిల్లని తెచ్చి పక్కనే కట్టేశాడు. ఒకే పెరడు, ఒకే మేత. క్రిస్మస్ ముందు ఏది ఎక్కువ తూగితే అది విత్తనపు పొట్టేలుగా మందకి వెళ్తుంది, రెండోది విందుకి. పెద్దవాళ్లకి అది పందెం. తెల్లదాన్ని పెంచుతున్న నాకు మాత్రం దాని ప్రాణం.

ఇక చూడండి నా హడావుడి! బడి వదలగానే అవిసె ఆకు, పంజాగుట్ట బండ్లవాళ్లు పారేసే క్యాబేజీ రెమ్మలు, బీరకాయ తొక్కలు, అమ్మ కంటపడకుండా గుప్పెడు నానిన శనగలు. ఆదివారం ఆరాధన అవగానే, ఇస్త్రీ బట్టలతోనే పిల్లలమంతా జట్లు కట్టి అరుస్తూ ఆ రెండింటినీ యూసుఫ్‌గూడ దారిలోని పాత ఇనుప కొట్టు కాటాకి తోలుకుపోయేవాళ్లం. తెల్లది వారం వారం సాగుతోంది. నల్లది చూడ్డానికి బస్తాలా ఉన్నా వెనకబడేది కాదు.

గులాబీ పువ్వుల పిండివంట వేయించే నూనె వాసన ఇంటింటా కమ్ముకున్న డిసెంబరులో, చివరి తూకం నాటి పొద్దున తుపాను వాన పట్టుకుంది. తెల్లదాన్ని నేను వరండాలోకి లాక్కున్నాను, నల్లది బయటే తడిసింది. కాటా మీద నల్లదే గెలిచింది! మామ జట్టు ఈలలు వేస్తుంటే తెల్లదాని మెడ పట్టుకుని బావురుమన్నాను.

"జర ఆగుండ్రి," అన్నాడు మామ, ఉన్ని గుప్పిట పట్టి పిండుతూ. నీళ్లు ధారగా కారాయి. "గిది గెలుపు కాదన్నా. ఉన్ని నీళ్లు తాగింది. కత్తిరిచ్చి మళ్ల జోకుదం."

"వద్దులెండి యాకోబు గారూ, పందెం పందెమే," అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా.

మామ వినలేదు. కత్తెర తెప్పించి, తన పిల్లని తానే ఓడిస్తున్నానని తెలిసి కూడా, చివరి పోగు దాకా కత్తిరించాడు. మళ్లీ తూచితే తెల్లది గెలిచింది! ఎగిరి మామ మెడకి చుట్టుకున్నాను. చలికి వణుకుతున్న నల్లదాని వీపు మీదే ఉంది ఆయన చెయ్యి.

పండగనాడు బగారా అన్నంలోకి నల్లదాని మాంసం వడ్డిస్తుంటే ఎంతకీ తరగదే! నాన్న సన్నటి ఎముక పైకెత్తి చూశాడు. "పెరగడంలో మాది గెలిచింది గానీ, మాంసంలో మీదేనండీ. ఇంత చిన్న ఎముక మీద ఇంత కండేంటి?"

"తింటే గాని తెల్వలేదా అన్నా!" అని మామ పగలబడి నవ్వాడు, కళ్లు మాత్రం తుడుచుకున్నాడు.

ఇప్పుడా పెరట్లో కార్లు నిలబడుతున్నాయి. మామ లేడు. ఆ రోజు కత్తిరించిన ఉన్నికి మరికొంత కలిపి ఊళ్లో నేయించి ఆయన నాకిచ్చిందే ఈ ముక్క. గెలిచిన తెల్లది ఏ మందలో కలిసిందో తెలీదు, ఓడిపోయిందే నా దగ్గర మిగిలింది. మొన్న సాయంత్రం దాన్ని దండెం మీద నుంచి తీయబోతే ఇంకా ఆరలేదు. రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది, అంత బరువుంది.