కిర్రుమనని తలుపు

కమాండోలు ఇళ్లల్లోకి చొరబడడం సాధన చేసే ఉత్తుత్తి ఊళ్లో తలుపులు బిగించేది వడ్రంగి బాబాయి. పొద్దున బిగించిన తలుపు మధ్యాహ్నానికి ముక్కలవుతుందని తెలిసీ, నోటినిండా మేకులతో, పెళ్లికూతుర్ని ముస్తాబు చేసినట్టు చిత్రిక పట్టి, పిడి బిగించి, బందులకు నూనె వేస్తాడు. "తన్నే తలుపుకి ఈ సోకులెందుకు బాబాయ్?" అని అందరూ నవ్వుతారు.

పదకొండేళ్లలో ఆ పిడి ముట్టుకున్నవాడు లేడు. నిన్న మాత్రం, వెనక ఐదుగురు కాళ్లెత్తి సిద్ధంగా ఉండగా, కొత్త కమాండో ఒకడు మెల్లగా పిడి తిప్పాడు. తలుపు తెరుచుకుంది. లోపల శత్రువు వేషం వేసిన వంటవాడు అటు తిరిగి టీ తాగుతూనే ఉన్నాడు.

"తన్నమంటే తీస్తావేంట్రా?" ఆఫీసరు అరిచాడు.

"గడియ పెట్టలేదు సార్!"

గోడ చాటున ఉన్న బాబాయి నోట్లోని మేకులన్నీ జలజలా రాలిపోతుంటే ఎగిరి గంతేశాడు. "విన్నారా సార్? కిర్రుమనలేదు!"