బావ అరచేతులు

మా అక్క మొగుణ్ణి తలుచుకుంటే ముందు అతని అరచేతులే గుర్తొస్తాయి నాకు. గరివిడిలో ఉద్యోగం చేసి రిటైరయ్యాక పొలంలో మట్టి ఇల్లు వేయించాడు. చూడవచ్చిన ప్రతివాళ్ళ ముందూ రెండు అరచేతులూ ఎత్తి, "అంతా మన సేత్తోనే! సిమెంటు లేదు, గ్యాసు లేదు" అనేవాడు.

అక్కకి పొగ పడదు. పొయ్యి దగ్గర దగ్గి దగ్గి కూలబడిపోయేది. డాక్టరు గ్యాసు పెట్టుకోమన్నా ఈ మహానుభావుడు వినలేదు.

ఓ రోజు విశాఖ నుంచి నలుగురొచ్చారు. బావ మళ్ళీ చేతులెత్తాడు. నాకు ఒళ్ళు మండిపోయి, పొయ్యి ఊదుతున్న అక్కను బయటికి లాక్కొచ్చాను.

"అక్కా, నీ సేతులు కూడా సూపించు."

ఆమె వేళ్ళు పేడనీళ్ళకి పగిలిపోయి ఉన్నాయి. మణికట్టు దాకా కాలిన మచ్చలే. అతని చేతులేమో పెళ్ళికొడుకు చేతుల్లా నున్నగా ఉన్నాయి.

"ఏటి బావా, ఈ గోడలు అలికిన సేతులేవో ఈళ్ళకి సెప్పు!" అన్నాను.

ఫోటో తీస్తున్నాయన ఫోను దించేశాడు. అక్క మాత్రం, "ఊరుకోవే, టీ పొంగిపోతాది" అని దగ్గుకుంటూ లోపలికి పోయింది.

అప్పట్నుంచి బావ ఎవరికి ఇల్లు చూపించినా చేతులు వెనక్కి కట్టుకుంటాడు. గ్యాసు మాత్రం ఇంకా రాలేదు.