శాలువ పేలికలు

జర్మనీలో, వోల్ఫ్స్‌బర్గ్‌లో మా కింది అంతస్తులో ఎరిత్రియా అతను ఒకడుండేవాడు. క్రార్ చేసుకోవడానికి చోటు లేదంటే, నేలమాళిగలో మా వాటాకొచ్చిన కెల్లర్ గది తాళంచెవి ఇచ్చాను. క్రార్ వాళ్ల దేశపు తీగల వాద్యం. కొయ్య గిన్నెకు మేకతోలు బిగించి, రెండు కర్రలు నిలబెట్టి, పైన అడ్డకర్ర వేసి, ఆరు తీగలు కడతారు.

అతని తల్లి పోయింది. కాగితాలు లేక వెళ్లలేకపోయాడు. నలభయ్యో రోజు ఊళ్లో ప్రార్థన అయ్యాక, ఆమె పాడే పాటను ఫోన్లో అక్కలకు వాయించి వినిపించాలనుకున్నాడు. రోజుల లెక్క నేను రాసుకున్నాను. తోలు ఆరడానికి తొమ్మిది రోజులు. కర్రలు అరవై ఒక్క సెంటీమీటర్లు. ఒక కర్ర రెండు మిల్లీమీటర్లు పెద్దదైతే చెప్పి కోయించాను.

క్రార్‌కు బిరడాలుండవు. ఒక్కో తీగను ఒక్కో గుడ్డ పేలికతో అడ్డకర్రకు చుట్టి, ఆ చుట్టను తిప్పి శ్రుతి చేస్తారు. ముప్పై ఆరో రోజు అతను ఆరు తెల్లటి పేలికలు సాయంత్రం దాకా ఉంచమని నాకిచ్చి షిఫ్ట్‌కు వెళ్లాడు. అమ్మ శాలువలోవి, అక్క పోస్టులో పంపిందన్నాడు.

పోయినవాళ్ల బట్టను తడపకుండా ఇంట్లో ఉంచకూడదని మా ఆచారం. తడిపి ఊరుకోవలసింది. అరవై డిగ్రీల్లో మెషీన్‌లో వేసి, బట్టలు మెత్తబడే ద్రవం పోసి, ఇస్త్రీ కూడా చేశాను.

మా ఆయన చూశారు.

"అతన్ని అడిగేవా?"

"గుడ్డలే కదండీ."

"కర్రల్ని మిల్లీమీటర్లలో కొలిచేవు. ఒక్క మాట అడగడానికి ఏవొచ్చింది నీకు?"

సాయంత్రం అతను ఒక పేలికను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత ఇంకోటి. ఆరూ చూశాడు.

"ఉతికారా?" అన్నాడు జర్మన్‌లో.

అవునని, కారణం చెప్పాను. తల ఊపాడు. కోప్పడినా బాగుండేది. నునుపెక్కిన గుడ్డ కర్రను పట్టడం లేదు. వేరే గుడ్డ ఇస్తానంటే వద్దన్నాడు.

నలభయ్యో రోజు మా కెల్లర్‌లోనే ఫోన్ నిలబెట్టి మొదలుపెట్టాడు. రెండో చరణానికే శ్రుతి జారింది. బిగించి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ జారింది. అవతల అక్కలు ఎదురుచూస్తున్నారు. నేను లేచి వెళ్లి ఆరు చుట్టలనూ రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. అతను నావైపు చూడకుండా వాయించాడు.

ఏడు నిమిషాలు. నా వేళ్లు కొయ్యబారాయి. నాలుగో తీగ చివర్లో కాస్త జారింది. అవతల ఎవరో ఏడుస్తున్నారు.

ఫోన్ పెట్టేశాక పేలికలను ఒక్కొక్కటే విప్పి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. తీగలు వేలాడుతున్న క్రార్‌ను అక్కడే వదిలి, తాళంచెవి నా చేతికిచ్చి వెళ్లాడు.