పదకొండు తర్వాత పదమూడు

ఆ ఫోటో తీసింది నేనే. ముందే ఒప్పేసుకుంటే సగం భారం దిగుతుందంటారు. నాకైతే దిగలేదు.

మా మునిసిపల్ ఆఫీసులో మెట్లెక్కగానే ఒక నల్లటి చెక్క బోర్డు ఉంటుంది. దాని మీద ఇప్పటిదాకా పనిచేసిన మేయర్ల పేర్లు, ప్రతి పేరు ముందూ వరస అంకె, అన్నీ బంగారు రంగులో. ఆరేళ్ళుగా దాని కిందే కూర్చుని టైపు చేస్తున్నాను. ఒకరోజు పనిలేక లెక్కపెడితే పదకొండు తర్వాత పదమూడు ఉంది. పేరేమీ పోలేదు, అంకె ఒక్కటే దాటిపోయింది. ఊరుకోవచ్చు కదా? ఫోటో తీసి, "పన్నెండో ఆయన ఎక్కడ?" అని సరదాకి ఫోన్లో అందరూ చూసేలా పెట్టాను.

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే జనం. వారం తిరక్కుండా దానికో గ్రూపు పుట్టింది. పన్నెండో మేయరు చాటునుంచి ఇంకా పాలిస్తున్నాడని ఒకడు. ఇప్పటి మేయరుది పదహారో నంబరు, ఒకటీ ఆరూ కలిపితే ఏడు, కాబట్టి ఏడో నెలలో దిగిపోతాడని ఇంకొకడు. చదివి నవ్వుకున్నాను.

ఆ బోర్డు రాసేది మా వీధి చివరి బాబాయ్. చుట్టం కాదు, పిలుపు అలా స్థిరపడిపోయింది. ఆయనా పిన్నీ పనికి కలిసే వెళ్ళేవారు. గీత తిన్నగా రావడానికి దారం రెండో కొస ఆవిడ పట్టుకునేది. నిచ్చెన మీంచి ఆయన "ఎంతే?" అంటే, కాగితం చూసి అంకె చెప్పేది. ఆవిడ చెప్పందే కుంచె కదిలేది కాదు. పిన్ని పోయి పదేళ్ళు. వాళ్ళుండే గదిలో ఇప్పుడు రంగు డబ్బాలూ, ఆయనా. కాలక్షేపానికని ఫోను వాడటం నేనే నేర్పాను.

ఒక సాయంత్రం పిలిచి, ఆ గ్రూపు నాకే చూపించాడు.

"ఇది నా పొరపాటే అమ్మాయ్. మీ పిన్ని ఆస్పత్రిలో ఉండగా ఎన్నికల ఫలితం వచ్చింది. మంచం మీంచే 'ఈసారి పన్నెండు, మర్చిపోకు' అంది. తొమ్మిది రోజులకి పోయింది. మొదటిసారి ఒక్కణ్ణే వెళ్ళాను. దారం మేకుకి కట్టుకున్నాను. పన్నెండు అయిపోయినట్టే అనిపించింది. ఆవిడ చెప్పిందంటే నాకు రాసేసినట్టే కదా."

అదే గ్రూపులో రాశాడు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. ఒక్కరైనా నమ్మితే చాలన్నాడు.

"ఎవరు రాయిస్తున్నారు తాతా నీచేత?" అని వచ్చింది మొదటి జవాబు. తర్వాత ఎవరో, "మీ ఆవిడ వయసెంత?" అని అడిగారు. బాబాయ్ ముఖం వెలిగింది. ఇన్నేళ్ళలో పిన్ని గురించి ఆయన్ని అడిగినవాళ్ళే లేరు. గబగబా "యాభై ఏడు" అని కొట్టాడు.

"ఐదూ ఏడూ పన్నెండు! దొరికింది!"

ఇక ఒకటే చప్పట్ల బొమ్మలు. బాబాయ్ ఫోను బోర్లా పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఫోటో పెట్టింది నేనేనని అప్పుడు చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది.

గొడవ ముదిరి, అంకెలన్నీ దిద్దించమన్నాడు మా సూపరింటెండెంటు. ఆదివారం ఖాళీ ఆఫీసులో మేమిద్దరమే. మేకు అక్కడే ఉంది. బాబాయ్ దాని వంక చూస్తుంటే దారం కొస నేనే పట్టుకున్నాను. పదమూడుని గీకి, నల్లరంగు పూసి, ఆరేదాకా ఆగాడు. నిచ్చెనెక్కి, కుంచె ముంచి, బోర్డు వైపే చూస్తూ అన్నాడు.

"ఎంతే?"

"పన్నెండు" అన్నాను.

కుంచె కదల్లేదు. నిచ్చెన మీంచే నా వైపు తిరిగాడు.

"అది మీ పిన్ని చెప్పేసిందమ్మా. నువ్వు పదమూడు నుంచి అందుకో."