అబ్బాయి తల్లి చెప్పిన సాక్ష్యం

మా వియ్యపురాలు పోయిన సంగతి నాకు పెద్దకర్మ కార్డు చూస్తే తెలిసింది. మా ఊరివాళ్లెవరో ఫోనుకు పంపారు. ఐర్లాండ్‌లో, పోర్ట్‌లీష్ అనే ఊళ్లో మా అమ్మాయి అద్దె ఇంట్లో కూర్చుని, పొద్దున టీ తాగుతూ చూశాను. ఫొటోలో ఆవిడ నవ్వడం లేదు. కింద భోజనాలకు పిలుస్తున్నవాళ్ల పేర్లున్నాయి. కొడుకు పేరు, పక్కన కోడలని మా అమ్మాయి పేరు. ఆ కోడలికి అత్తగారు పోయిందని ఒక్కరూ చెప్పలేదు. ఇన్నాళ్లూ పేరెత్తని వాళ్లు, నలుగురిలో నిండుగా కనపడాలని ఆ పేరు మాత్రం వాడుకున్నారు. కార్డు అమ్మాయికి చూపించాను. స్టవ్ ఆపేసి వంటింట్లోనే కింద కూర్చుండిపోయింది.

నాకు రాయడం పెద్దగా రాదు. మా ఊరి బళ్లో చదివిందే చదువు. అయినా ఆ కార్డు చెప్పని వియ్యపురాలి గురించి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

మనవడు బాబు మొదటి పుట్టినరోజుకని ఆవిడా నేనూ ఇంచుమించు ఒకేసారి, అప్పట్లో వాళ్లుండే బ్లాంచర్డ్స్‌టౌన్ వచ్చాం. మా అల్లుడు అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. పెళ్లయ్యాక అతని భార్యగానే మా అమ్మాయికి ఇక్కడ ఉండే అనుమతి వచ్చింది. ఆడపిల్ల తండ్రిని, అల్లుడి ఇంట్లో గట్టిగా దగ్గడానికి కూడా నాకు మొహమాటమే. వియ్యపురాలికి అదో ఆట.

"ఏందన్నయ్యగారూ, ఈ దేశంలో మాట్లాడితే టాక్స్ పడుద్దా?" అనేది.

పొద్దున్నే లేచి కర్టెన్లన్నీ లాగేది. బయట వాన. "ఇక్కడ సూర్యుడికి కూడా వర్క్ ఫ్రమ్ హోమేనా?" అని నిట్టూర్చేది. పక్కింటి ఐరిష్ పెద్దాయన వాకిట్లో కనపడితే చాలు, తెలుగులోనే కుశలం అడిగేది. ఆయన బాగున్నానన్నట్టు "గ్రాండ్, గ్రాండ్" అని చెయ్యి ఊపేవాడు. "చూశారా, ఆయనకి నా మాట అర్థమవుద్ది, మీకే అవ్వదు" అనేది నాతో. ఏదైనా తెలియకపోతే ఆవిడది ఒకటే మాట, "అడుగుదాం, అడిగితే కొడతారా?"

పెళ్లయినప్పటి నుంచి అల్లుడు ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేసేవాడు. "మీ అమ్మాయి రాణిలా ఉంది మామయ్యా" అని నవ్వేవాడు. ఊళ్లో అందరికీ చెప్పుకుని మురిసిపోయాను. ఫోను స్పీకర్‌లో పెట్టి, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి, ఒక్క మాట తేడా రాకుండా కాపలా కాసేవాడని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. వాడు కొట్టిన దెబ్బలు ఒక ఎత్తు, నాకు ఆ నవ్వు ఒక ఎత్తు. ఇప్పటికీ ఆదివారం ఫోను మోగితే నా ఒళ్లు మండుతుంది.

ఒక శనివారం మధ్యాహ్నం, తనకు చెప్పకుండా జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్లిందని వంటింట్లో అమ్మాయి చెంప మీద కొట్టాడు. వాళ్లమ్మ అక్కడే బాబుకు అన్నం కలుపుతోంది.

"నా స్పాన్సర్ మీద బతుకుతున్నావ్. ఒక్క మెయిల్ కొడితే రేపు నువ్వు ఇండియాలో ఉంటావ్. బాబు ఇక్కడే నా దగ్గరుంటాడు" అన్నాడు.

ఆ మాటతోనే ఇన్నేళ్లూ దాన్ని కదలనివ్వలేదట. దాని గుర్తింపు కార్డు కూడా తన దగ్గరే పెట్టుకున్నాడు. అతను బయటికి వెళ్లాక "పద తల్లీ, మనూరు పోదాం" అన్నాను. వియ్యపురాలు చెయ్యి కడుక్కుని నా వైపు తిరిగింది.

"తప్పు మావాడిదైతే పెట్టె మీరు సర్దుతారేంది? పిల్లోణ్ణి వదిలేసి పోద్దా అది?"

"పంపించేస్తారంట కదమ్మా."

"అని వాడు చెప్పాడు. వాడేమన్నా గవర్నమెంటా? అడుగుదాం పదండి."

సోమవారం అతను ఆఫీసుకు వెళ్లాక ఆవిడే అల్మరా తెరిచి, కార్డు తీసి కోడలి చేతిలో పెట్టింది. జీపీ చెప్పిన మహిళా సహాయ కేంద్రానికి బాబును ఎత్తుకుని బస్సులో వెళ్లాం. అక్కడి ఆమె చెప్పినవన్నీ అమ్మాయి మాకు తెలుగులో చెప్పింది. ఉండటానికి అనుమతి ఇచ్చింది ప్రభుత్వం, భర్త కాదు. ఇల్లు విడిచినంత మాత్రాన మర్నాడే విమానం ఎక్కించరు. ఇంట్లో హింస పడిన భార్య తన పేరు మీదే అనుమతి అడగొచ్చు, భర్త సంతకం అక్కర్లేదు. జరిగింది నిజమని గార్డులో, డాక్టరో, కోర్టో, ఇలాంటి కేంద్రమో చెప్పాలి. గార్డులంటే ఇక్కడి పోలీసులు. తప్పకుండా ఇస్తారని తాను మాట ఇవ్వలేననీ, ఉన్న అనుమతి గడువు మాత్రం దాటనివ్వొద్దనీ అంది. బాబు ఎవరి దగ్గర ఉండాలో తేల్చేది కోర్టు.

"ఒక అబద్ధానికా నాన్నా నేనింత భయపడింది?" అంది అమ్మాయి.

అట్నుంచి గార్డుల స్టేషన్‌కు వెళ్లాం. అక్కడ ఫోనులో ఒక తెలుగమ్మాయిని కలిపారు, వియ్యపురాలి మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి.

"మీరు చూశారామ్మా?"

"చూశా. నా కళ్లముందే కొట్టాడు. అంతకుముందు గోడ అవతల నుంచి విన్నా."

"మీరు అమ్మాయి తల్లిగారాండీ?"

"కాదు. అబ్బాయి తల్లిని."

"అమ్మా, ఇదంతా రాసుకుంటారు" అంది ఆ అమ్మాయి మెల్లిగా.

"రాసుకోమనే చెప్తున్నా తల్లీ."

ఆవిడ ఇండియా వెళ్లిన చాలా నెలలకు అమ్మాయికి తన పేరు మీద అనుమతి వచ్చింది. ఇప్పుడు పోర్ట్‌లీష్‌లో ఉద్యోగం చేసుకుంటోంది. బాబు ఇక్కడే బడికి వెళ్తున్నాడు, కోర్టు తల్లి దగ్గరే ఉంచింది. ఆవిడకేం మిగిలింది? కొడుకు మాట్లాడటం మానేశాడు. సొంత చెల్లెళ్లు "కన్నకొడుకుని పోలీసులకు పట్టించింది" అని గడప తొక్కడం మానేశారు. మా అమ్మాయి ఫోన్ చేస్తే మనవడితో ఆడి, చివర్లో గొంతు తగ్గించి అడిగేదట, "వాడెట్టున్నాడో ఏమన్నా తెలిసిందా?" అని. చివరి రోజుల్లో ఆవిడ ఫోను ఎవరో తీసేసుకున్నారు. అమ్మాయి ఎన్నిసార్లు చేసినా కట్ చేశారు. ద్రోహి అని ఆవిడకు పేరు పెట్టారు. ఎవరు ఎవరికి ద్రోహం చేశారో నేను చూశాను.

ఆ సోమవారం స్టేషన్ నుంచి మళ్లీ కేంద్రానికి బస్సులో వెళ్తున్నాం. ఆవిడ నా పక్క వరసలో కూర్చుంది, బాబు ఒళ్లో నిద్రపోయాడు. ఆవిడ ఫోను మోగింది. తెర మీద కొడుకు ఫొటో, డిగ్రీ పట్టా పుచ్చుకున్న రోజుది. స్టాపులో తడిసినందుకు దాని మీద వాన చినుకులున్నాయి. పైట చెంగుతో ఆ మొహం మీది తడి తుడిచింది, నుదురు, బుగ్గలు, మెల్లగా. ఎత్తలేదు. మోగినంతసేపూ అలా చూస్తూ కూర్చుంది.