ఎర్రసిరాతో కొట్టివేసిన వాక్యం

ఆళ్లగడ్డ బడిలో లెక్కలను చేతలతో నేర్పినవాడినని ఈమధ్య ఒక సభలో నన్ను సత్కరించారు. నేను వారించలేదు. ఆ మౌనం అబద్ధంతో సమానం గనుక, జరిగినది జరిగినట్లు రాసిపెట్టడం నా విధి.

అవి డెబ్బయ్యవ దశకం చివరి సంవత్సరాలు. లెక్కలను వల్లె వేయించక, పిల్లలచేత కొలిపించి నేర్పాలని పైనుండి ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వులను పాటించేవాడిని. పదవ తరగతివారిని గుండ్రని వస్తువులు తెమ్మన్నాను. దారంతో చుట్టుకొలతను, అడ్డంగా వ్యాసాన్ని స్కేలుపై కొలిచి, మొదటిదానిని రెండవదానితో భాగించి రికార్డు పుస్తకంలో రాయాలి. రావలసినది 3.14. పుస్తకాలు తనిఖీ అధికారికి చూపవలసినవి కనుక, ఆ జవాబు ముందే నల్లబల్లపై రాసి ఉంచాను.

తరగతికంతా ఒకటే మీటరు స్కేలు. అందరూ 3.14 వేశారు, ఒక్క అమ్మాయి తప్ప. దొర్నిపాడు వైపు పల్లెలోని కూలివారి బిడ్డ. ఆళ్లగడ్డలో క్రైస్తవ హాస్టలులో ఉండి చదివేది. గాజుకు 2.98, అన్నం పళ్లేనికి 3.09 అని రాసి, కింద ఒక వాక్యం చేర్చింది: "వస్తువు పెద్దదయ్యేకొద్దీ జవాబు పుస్తకానికి దగ్గరగా వస్తున్నది. ఎందుకో తెలియలేదు."

"ఇదేమిటి?" అన్నాను.

"మూడుతూర్లు కొల్చినా సార్. అట్లనే వస్తాంది."

"పుస్తకం తప్పా, నువ్వు తప్పా?"

వెనక బెంచీ నుండి ఒకడు, "ఏందిమే, పుస్తకానికే పాఠం చెప్తాండావా?" అన్నాడు. తరగతి నవ్వింది.

"నువ్వు కొల్చి రాస్తివా, బోర్డు జూసి రాస్తివా?" అని ఆమె వెనక్కి తిరిగి అడిగింది.

అది నాకు ధిక్కారంగా తోచింది. ఆ స్కేలుతోనే అరచేతిపై రెండు దెబ్బలు వేసి, ఆ వాక్యాన్ని ఎర్రసిరాతో కొట్టివేశాను.

పరీక్షల తరువాత ఆమె తండ్రి మా వాకిట నిలబడ్డాడు.

"పాప నంద్యాల కాలేజీలో లెక్కలే చదువుతానంటాది సార్. మీరు ఊ అంటే ఎట్లన్నా పంపిస్తా."

"లెక్క నిలకడగా రాదు. ఎదురుమాట మాత్రం వస్తుంది. వద్దు."

"మీరే అంటిరి, ఇంగేముంది సార్."

ఎనభైలలో, సైన్సు, గణిత బోధనను మెరుగుపరచడానికి నంద్యాలలో మాకు వేసవి శిక్షణ పెట్టారు. ఎవరి బడి సాధనాలు వారు తెచ్చి, ఒకదానితో ఒకటి సరిచూడమన్నారు. నా స్కేలు తక్కినవాటికంటే అర సెంటీమీటరు పొట్టి. తక్కినవే తప్పన్నాను.

"ఏందన్నా, పిల్లోళ్ల ఈపుల మీద అరిగిపోయిందా?" అని పక్కనున్న ఉపాధ్యాయుడు నవ్వాడు.

అప్పుడు గుర్తుకు వచ్చింది. నిశ్శబ్దం కోసం బల్ల అంచున కొట్టగా కొట్టగా దాని కొన చీలింది. చీలిక నా కంటికి గిట్టక, ఆ కొలతల పాఠానికి ముందే వడ్రంగిచేత నున్నగా కోయించి రేకు తొడిగించినది నేనే. సున్నా గీతతో సహా మొదటి అర సెంటీమీటరు పోయిన సంగతి రేకు కప్పివేసింది. అక్కడే కాగితంపై లెక్క వేశాను. ప్రతి కొలతకూ అర సెంటీమీటరు కలిస్తే గాజుకు 2.98, పళ్లేనికి 3.09. వేరొకటి రావడానికి వీలే లేదు. తరగతిలో నిజంగా కొలిచినది ఆమె ఒక్కతే.

మరునాడు దొర్నిపాడు బస్సెక్కాను. ఆమె ఇంటి ముందర పత్తికట్టె మోపులు కడుతోంది. పక్కన చిన్న బిడ్డ. స్కేలు సంగతి చెప్పాను.

"నాకప్పుడే తెల్సు సార్. మీరు కొట్టినాక హాస్టల్లో టేపు పెట్టి చూస్కుంటి."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఇంగో రెండు ఏస్తారని." నవ్వింది. "ఇప్పుడూ దాంతోనే కొడ్తాండారా?"

మళ్లీ చదువుతావా, నేను కాలేజీవారితో మాట్లాడతానన్నాను.

"యాడ సార్. అన్నీ మర్సిపోతి."

మోపు బిగించడానికి వంగింది. తండ్రి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. తన కూతురిని చదివించవద్దన్నవాడికి కుర్చీ కూడా వేశాడు. తిరుగు బస్సు వచ్చేవరకు "తప్పు నాది" అన్న మాట నా నోట రాలేదు.

కొలతలను జ్ఞాపకం మీద ఇచ్చాను; గాజు అసలు వ్యాసం ఆరు సెంటీమీటర్లు, పళ్లేనిది ఇరవై అని గుర్తు. ఆనాటి తరగతివారు గాని, లెక్క తెలిసినవారు గాని వీటిని స్వయంగా వేసి చూసి, పొరపాటు ఉంటే నాకు తెలుపవలసినదిగా కోరుతున్నాను. నా పేరు మీద గౌరవంతో ఊరుకోవద్దు.